మార్కులు సరే, మా కాలేజీకే ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం అమెరికా మెడికల్ సీట్ల గురించే. అందులోనూ 'మిషన్ ఫిట్', అంటే కాలేజీ లక్ష్యానికి విద్యార్థి సరిపోవడం, అనే మాట అందర్నీ తికమక పెడుతోంది. అందుకే మిగతా విషయాలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ సంచికలో దీనికే చోటిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి పుట్టింది అమెరికాలోనే, అక్కడి పౌరసత్వం ఉంది. పదేళ్లప్పుడు హైదరాబాద్ తీసుకొచ్చేశాం. ఇంటర్ దాకా ఇక్కడే చదివింది. ఇప్పుడు జార్జియాలో డిగ్రీ మూడో ఏడు. జీపీఏ 3.85, మెడికల్ ప్రవేశపరీక్ష ఎంక్యాట్‌లో 517. ఈ వేసవిలో మెడిసిన్‌కు అప్లై చేస్తుంది. వాళ్ల కాలేజీ అడ్వైజరు 'మార్కులకు ఢోకా లేదు, మిషన్ ఫిట్ చూసుకో' అన్నారట. మన నీట్‌లో ర్యాంకు వస్తే సీటొస్తుంది. అక్కడ ఈ మెలిక ఏమిటండీ?
– ఒక తల్లి, మణికొండ

సమాధానం: మెలికంతా ఆ ర్యాంకు దగ్గరే ఉందమ్మా. అక్కడ ర్యాంకు లిస్టనేదే లేదు. ఏ కాలేజీకి ఆ కాలేజీ తన విద్యార్థుల్ని తనే ఎంచుకుంటుంది. ఏటా 50 వేల మందికి పైగా దరఖాస్తు చేస్తారు, దాదాపు 23 వేల మంది ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ) కోర్సుల్లో చేరతారు. చేరేవాళ్ల సగటు ఎంక్యాట్ 512 దరిదాపుల్లో, జీపీఏ 3.8కి దగ్గర్లో ఉంటుంది. అంటే మీ అమ్మాయి మార్కులతో తలుపు తెరుచుకుంటుంది. కానీ ఒక్కొక్కరూ చాలా కాలేజీలకు పెడతారు కాబట్టి, ఏ కాలేజీ తలుపు దగ్గరైనా, అవే మార్కులతో, సీట్లకన్నా ఎన్నో రెట్ల మంది నిలబడి ఉంటారు. వాళ్లలో ఎవర్ని లోపలికి పిలవాలో తేల్చుకోవడానికి కాలేజీకి మరో కొలత కావాలి. ఆ కొలత పేరే మిషన్.

మిషన్ అంటే ఆ కాలేజీ ఎలాంటి డాక్టర్లను, ఎవరి కోసం తయారుచేస్తానని రాసుకుందో అది. చదివితే అన్నీ ఒకేలా వినిపిస్తాయి: సేవ, పరిశోధన, నాయకత్వం. తేడా ఆ మాటల్లో దొరకదు, ఏ మాటకు ఎంత బరువు ఇస్తున్నారన్న దాంట్లో దొరుకుతుంది. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ఈ పద్ధతికి ఒక చట్రం ఇచ్చింది: అనుభవాలు, గుణాలు, మార్కులు. ఈ మూడింటినీ కలిపి చూడాలి, ఎంత పాళ్లలో కలపాలో కాలేజీ తన లక్ష్యాన్ని బట్టి తేల్చుకోవాలి అని.

అప్లికేషన్ ఫారం చూస్తే ఇది ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఆమ్‌క్యాస్ అనే ఉమ్మడి ఫారంలో గరిష్ఠంగా 15 అనుభవాలు రాసుకోవచ్చు. ఒక్కోదానికి 700 అక్షరాలు, ఖాళీలతో కలిపి. వాటిలో మూడింటిని 'అత్యంత ముఖ్యమైనవి'గా గుర్తు పెడితే, ఆ మూడింటికీ మరో 1,325 అక్షరాల చొప్పున అదనంగా ఇస్తారు. ప్రతి అనుభవం పక్కనా ఎన్ని గంటలు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ ఊళ్లో అనేది నింపాలి. పర్సనల్ స్టేట్‌మెంట్ వేరే, 5,300 అక్షరాలు. ఫైలు చదివే అధ్యాపకుడి కన్ను ముందు ఆ గంటలు, తేదీలు, ఊళ్ల మీద పడుతుంది. వర్ణనలు తర్వాత.

మీ అమ్మాయి ఫైల్లో ల్యాబ్ పని 1,200 గంటలు, ఫ్రీ క్లినిక్ 90 గంటలు ఉన్నాయనుకుందాం. క్లీవ్‌లాండ్ క్లినిక్ లెర్నర్ కాలేజీలో అది బలమైన ఫైలు. అది ఐదేళ్ల కోర్సు, ఏటా 32 మందినే తీసుకుంటుంది, డాక్టరుతో పాటు పరిశోధకుణ్ని తయారుచేయడమే దాని పని. అదే ఫైలు అట్లాంటాలోని మోర్‌హౌస్‌కు వెళితే తేలిపోవచ్చు. అక్కడ ప్రాథమిక వైద్యం, వైద్యం అందని జనం అనేవి ముందు వరసలో ఉంటాయి. 90 గంటలు చూసి 'ఈ అమ్మాయి మనసు ల్యాబ్‌లో ఉంది' అనుకుంటారు. ఫైలు ఒక్కటే, మార్కులు ఒక్కటే, తీర్పులు రెండు. అడ్వైజరు చెప్పింది ఇదే.

ఇక మీ విషయంలో ఒక చిక్కు ఉంది, దాన్ని ఇప్పుడే చూసుకోండి. ప్రభుత్వ కాలేజీల మిషన్‌లో మొదటి మాట 'మా రాష్ట్ర ప్రజలు'. చదువుకోవడానికి జార్జియాలో ఉన్నంత మాత్రాన మీ అమ్మాయి జార్జియా వాసి అయిపోదు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి సాధారణంగా తల్లిదండ్రుల నివాసాన్నే లెక్కలోకి తీసుకుంటారు. మీ నివాసం మణికొండ. పౌరసత్వం ఉండి కూడా ఏ రాష్ట్రానికీ చెందని అభ్యర్థిగా తేలే ప్రమాదం ఉంది. నిబంధనలు రాష్ట్రానికో రకం. కాబట్టి యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, స్థానికత కోసం ఏ కాగితాలు, ఎన్ని నెలల ముందు నుంచి కావాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి. మేకన్‌లో ఉన్న మెర్సర్ ప్రైవేటు కాలేజీయే అయినా జార్జియా వాసుల్ని మాత్రమే చేర్చుకుంటుంది. స్థానికత తేలకుండా అలాంటిచోట ఫీజు కట్టడం దండగ.

ప్రశ్న: మా తమ్ముడి కొడుకు మిషిగన్‌లో పుట్టి పెరిగాడు. 35 కాలేజీలకు పెడతానంటున్నాడు. 'ఎక్కడో ఒకచోట తగులుతుంది పెదనాన్నా' అంటాడు. ఎక్కువ పెడితే నష్టమేముంది?
– ఎల్బీనగర్

సమాధానం: ముందు డబ్బు లెక్క. ఆమ్‌క్యాస్‌లో మొదటి కాలేజీకి సుమారు 175 డాలర్లు, ఆపై ఒక్కోదానికి 45–50 మధ్య. తర్వాత ప్రతి కాలేజీ తన సొంత ప్రశ్నలు పంపుతుంది, వాటిని సెకండరీలంటారు. దానికి మళ్లీ వంద డాలర్లు అటూ ఇటూగా ఫీజు. 35 కాలేజీలంటే మొత్తం 5 వేల డాలర్లు దాటుతుంది. మన రూపాయల్లో నాలుగు లక్షల పైమాటే, ఇంటర్వ్యూల ప్రయాణ ఖర్చులు కాకుండా.

డబ్బుకన్నా పెద్ద నష్టం వేరే ఉంది. సెకండరీలు జూన్ చివర్నుంచి జులై నెలంతా గుంపుగా వచ్చిపడతాయి. ఒక్కో కాలేజీకి మూడు వ్యాసాలనుకున్నా 35 కాలేజీలకు వంద దాటతాయి. వచ్చిన రెండు వారాల్లోపు తిరిగి పంపడం మంచిదని అందరూ చెప్పేదే. చాలా కాలేజీలు ముందు పూర్తయిన ఫైళ్లను ముందు చదువుతూ, ఇంటర్వ్యూలకు పిలుస్తూ పోతాయి. నలభయ్యో వ్యాసం దగ్గరికి వచ్చేసరికి కుర్రాడు పాత వ్యాసంలో కాలేజీ పేరు మార్చి పంపడం మొదలుపెడతాడు. ఒక్కోసారి ఆ పేరు మార్చడం కూడా మర్చిపోతాడు. మిషన్ ఫిట్ చచ్చేది సరిగ్గా అక్కడే.

18 నుంచి 22 చాలు. లిస్టు ఇలా కట్టమనండి. మొదట సొంత రాష్ట్రంలోని కాలేజీలన్నీ, మిషిగన్ అయితే అవే అరడజను ఉన్నాయి. తర్వాత బయటివాళ్లకు తలుపు మూసిన కాలేజీలను కొట్టేయాలి: మిసిసిపీ యూనివర్సిటీ, నార్త్ కరోలినాలోని బ్రోడీ వంటివి తమ రాష్ట్రవాసులనే తీసుకుంటాయి. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో 90 శాతం సీట్లు చట్టప్రకారమే టెక్సాస్ వాళ్లవి, పైగా వాటికి ఫారం కూడా వేరు. సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ ఐదు రాష్ట్రాల కోసం పనిచేస్తుంది: వాషింగ్టన్, వయోమింగ్, అలాస్కా, మొంటానా, ఐడహో. ఆ ఐదింటితో ఏ సంబంధమూ లేని మిషిగన్ కుర్రాడికి అది పేరున్న కాలేజీ అన్నదొక్కటే కారణమైతే, ఆ కారణం సరిపోదు.

మిగిలిన వాటికి ఏఏఎంసీ నడిపే ఎంఎస్‌ఏఆర్ అనే డేటాబేస్ చందా కట్టి చూడాలి. అందులో ప్రతి కాలేజీకీ బయటి రాష్ట్రాల నుంచి ఎందరు దరఖాస్తు చేశారు, ఎందర్ని ఇంటర్వ్యూకి పిలిచారు, ఎందరు చేరారు అనేవి ఉంటాయి. చేరినవాళ్లలో ఎంతమందికి పరిశోధన అనుభవం ఉంది, ఎంతమంది ఆసుపత్రి బయట సమాజసేవ చేశారు అన్న శాతాలూ ఉంటాయి. షాడోయింగ్ (డాక్టరు వెంట ఉండి పని చూడటం) అంకె చూసి మోసపోవద్దు, అది అన్నిచోట్లా ఎక్కువే కాబట్టి దాంతో తేడా తెలియదు. బయటివాళ్లకు వచ్చిన ఇంటర్వ్యూలను, బయటివాళ్ల దరఖాస్తులతో భాగించి చూడమనండి. మిషన్ స్టేట్‌మెంట్ దాచిన సంగతి ఆ భాగహారం చెప్పేస్తుంది.

ప్రశ్న: సెకండరీలో 'మా కాలేజీనే ఎందుకు?' అని అడుగుతారు కదా. వాళ్ల వెబ్‌సైట్‌లోని మిషన్ స్టేట్‌మెంట్ మాటల్ని వాడి రాస్తే ఫిట్ కనబడుతుందని సీనియర్ అన్నాడు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, తార్నాక (ప్రస్తుతం న్యూజెర్సీ)

సమాధానం: కాదు. వాళ్ల మాటలు వాళ్లకే అప్పజెప్పినట్టవుతుంది. చదివేవాళ్లకు ఆ వాక్యాలు కంఠతా వచ్చు.

ఒక నమూనా చూపిస్తాం. మీరు రాసేది ఇంగ్లీషులోనే అయినా, సులువుగా ఉంటుందని తెలుగులోనే ఇస్తున్నాం. పల్లె వైద్యం మీద దృష్టి పెట్టిన ఒక కాలేజీకి ఇలా రాశారనుకోండి:

'కరుణ, సమానత్వం, శ్రేష్ఠత అనే మీ విలువలు నా విలువలతో కలుస్తాయి. వైద్యం అందని ప్రజలకు సేవ చేయడం నా చిన్ననాటి కల. మీ అత్యుత్తమ అధ్యాపకుల దగ్గర నేర్చుకోవాలని ఉత్సాహంగా ఉన్నాను.'

ఇందులో ఆ కాలేజీది అంటూ ఒక్క ముక్క లేదు. మీది అంటూ కూడా ఒక్క ముక్క లేదు. కాలేజీ పేరు తీసి ఇంకో పేరు పెట్టి చదవండి, చక్కగా అతుకుతుంది. ఏ వ్యాసానికైనా ఈ పరీక్ష పెట్టుకోవచ్చు. పేరు మార్చినా అతికిందంటే మళ్లీ రాయాల్సిందే. ఇప్పుడు ఇది చూడండి:

'శనివారాలు కౌంటీ ఫ్రీ క్లినిక్‌లో బీపీ చూసే బల్ల దగ్గర 14 నెలలు పనిచేశాను. 40 మైళ్ల దూరం నుంచి వచ్చే ఒక రైతు, పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని నెల మాత్రలను ఆరు వారాలు సర్దుకునేవాడు. మందు రాయడం సగం పనేనని అక్కడ అర్థమైంది. మూడో ఏడాదిలో విద్యార్థిని నెలల తరబడి ఒకే చిన్న ఊళ్లో ఉంచే మీ కోర్సులో, ఒకే రోగిని పదే పదే చూసే అవకాశం ఉంది. నాకు కావాల్సింది అదే. అక్కడ నేను బలహీనం కూడా: పల్లెలో ఎప్పుడూ నివసించలేదు.'

దీంట్లో పని, కాలం, చోటు ఉన్నాయి. కాలేజీలో మాత్రమే దొరికేది ఒకటి ఉంది, దానికీ మీ పనికీ ముడి ఉంది. చివరి వాక్యం చూసి భయపడకండి. ఫైల్లో న్యూజెర్సీ నగరం చిరునామా ఎలాగూ కనబడుతుంది. దాన్ని మీరే చెప్తే నిజాయితీ అవుతుంది, దాచితే అడుగుతారు.

ఒక కొలబద్ద: మీరు చెప్పుకునే ప్రతి విలువకూ 15 అనుభవాల్లో కనీసం ఒక ఆధారం దొరకాలి. సిఫార్సు ఉత్తరాల్లో కూడా దాని జాడ ఉంటే ఇంకా మంచిది. వ్యాసంలో పల్లె సేవ అని, ప్రొఫెసర్ ఉత్తరంలో 'ఈమె లక్ష్యం క్యాన్సర్ పరిశోధన' అని ఉంటే కమిటీ ప్రొఫెసర్‌నే నమ్ముతుంది. ఉత్తరం రాసేవారికి మీ రెజ్యూమేతో పాటు ఏ తరహా కాలేజీలకు పెడుతున్నారో అరపేజీ నోటు ఇవ్వండి. అందులో తప్పేమీ లేదు, అడ్వైజర్లే ఇవ్వమంటారు.

ప్రశ్న: మా మేనల్లుడు డాలస్‌లో డిగ్రీ చదువుతున్నాడు. వేసవిలో ఆరు వారాలు ఇక్కడికి వచ్చి మా బంధువుల నర్సింగ్ హోంలో డాక్టర్ల వెంట తిరుగుతాడు. పోయిన ఏడాది కుట్లు కూడా వేయనిచ్చారు, ఇంజెక్షన్లు చేశాడు. 'గ్లోబల్ హెల్త్' కింద ఇది బాగా పనికొస్తుందని సంబరపడుతున్నాడు.
– దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: ఆ కుట్ల సంగతి ఫారంలో రాస్తే కొంప ముంచుతుంది. ఇంకా మెడిసిన్‌లో చేరని కుర్రాడు, శిక్షణ లేకుండా, రోగి ఒంటి మీద సూది పెట్టడం అక్కడ నేర్పు కింద లెక్కకు రాదు. రోగి భద్రత మీద, నైతికత మీద అతని అవగాహన ఇంతేనా అనిపిస్తుంది. విదేశాల్లో ఇలాంటి పనులు చేసే విద్యార్థుల కోసం ఏఏఎంసీ ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి సారం: మీ దేశంలో మీకు అనుమతి లేని పని, ఇంకో దేశంలో ఎవరో చెయ్యమన్నారని చేయకూడదు. ఇక్కడైనా ఆ రోగికి, చుట్టాలబ్బాయి చేతి కింద తన గాయం ప్రాక్టీసుకు పనికొచ్చిందని తెలిస్తే ఊరుకుంటాడా?

జరిగింది జరిగింది. ఇకపై చూడటం, వినడం, రాసుకోవడం వరకే ఉండమనండి. రాసేటప్పుడు 'షాడోయింగ్' అని, అసలు గంటలే రాయాలి. బంధువుల ఆసుపత్రి అన్న సంగతి కూడా దాచనక్కర్లేదు. ఇంతా చేసి దాని బరువు మాత్రం తక్కువే. సర్వీసు ప్రధానమైన టెక్సాస్ కాలేజీ తెలుసుకోవాలనుకునేది, అతను తన ఊళ్లో, తన వారాంతాల్లో ఎవరితో ఉంటున్నాడన్నది. హైదరాబాద్‌లో ఆరు వారాల 200 గంటల కన్నా, డాలస్‌లోనే ఒక క్లినిక్‌లోనో వృద్ధాశ్రమంలోనో వారానికి మూడు గంటలు చొప్పున ఏడాదిన్నర చేసినవి ఎక్కువ తూగుతాయి, మొత్తం గంటలు దాదాపు సమానమే అయినా. ఒక్క సెలవుల్లో ఎవరైనా చేయగలరు. పరీక్షల వారంలో కూడా వెళ్లాడా అన్నది నిలకడ చెబుతుంది.

గుళ్లో ప్రసాదం వడ్డించడం, తెలుగు సంఘం పిల్లలకు పాఠాలు చెప్పడం లాంటివి కూడా కొందరు అడిగారు. అవి రాయొచ్చు, ఆసుపత్రితో సంబంధం లేని సేవ అనే వరసలో. కానీ అన్నీ మనవాళ్ల మధ్యే ఉంటే, 'తనకు తెలియని మనుషుల్తో ఎప్పుడైనా మసిలాడా?' అనే ప్రశ్న వస్తుంది. ఒక్కటైనా ఆ గీత దాటింది ఉండాలి.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకండీ, డొనేషన్ కడితే? మేనేజ్‌మెంట్ కోటా లాంటిది అక్కడ లేదా?
– బంజారాహిల్స్

సమాధానం: లేదు. ఎండీ కాలేజీలకు గుర్తింపు ఇచ్చే ఎల్‌సీఎంఈ నిబంధన ప్రకారం ఎంపికలో తుది నిర్ణయం అధ్యాపకులు ఎక్కువగా ఉండే అడ్మిషన్ కమిటీదే. రాజకీయ, ఆర్థిక ఒత్తిళ్లు దాని మీద పనిచేయకూడదు. ఏజెంటు ఎవరైనా 'మాట్లాడి పెడతాం' అంటే ఆ ఫోన్ పెట్టేయండి.

ప్రశ్న: పల్లెకు వెళ్తామని ఇంటర్వ్యూలో చెప్పి, సీటొచ్చాక ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. అలాంటప్పుడు ఈ మిషన్ చూడటం వల్ల కాలేజీకి ఒరిగేదేమిటి?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మల్కాజిగిరి

సమాధానం: మాస్టారూ, న్యాయమైన అనుమానం. కాలేజీలు కూడా దీన్ని తెలుసుకునే, మాటకన్నా నేపథ్యాన్ని నమ్ముతాయి. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ కాలేజీ 1974లో డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతాల కోసం ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. పల్లెల్లో పెరిగి, కుటుంబ వైద్యం చేస్తామన్న పిల్లలనే అందులోకి తీసుకుంది. దశాబ్దాల తర్వాత చూస్తే, తోటి విద్యార్థులతో పోలిస్తే వాళ్లు పల్లెల్లో ప్రాక్టీసు పెట్టడమూ ఎక్కువే, అక్కడే ఉండిపోవడమూ ఎక్కువే. నాలుగేళ్ల పాఠాల్లో ఏం నేర్పారన్నదానికన్నా, చేరేనాటికి ఆ విద్యార్థి ఎక్కడి మనిషి, ఏ కోర్సు మీద మనసు పెట్టుకున్నాడు అన్నవే ఎక్కువ పనిచేశాయి.

2010లో అక్కడి ఒక ప్రముఖ వైద్య పత్రికలో 141 కాలేజీలకు సామాజిక లక్ష్యం ప్రకారం ర్యాంకులు వేశారు. ప్రాథమిక వైద్యంలో ఉన్నవాళ్లు, డాక్టర్ల కొరత ఉన్నచోట పనిచేసేవాళ్లు, ప్రాతినిధ్యం తక్కువున్న వర్గాల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది అనేవి చూస్తే మోర్‌హౌస్, మెహారీ, హోవార్డ్ మొదటి మూడు స్థానాల్లో నిలిచాయి. మామూలు ర్యాంకుల్లో పైన మెరిసే పేర్లు చాలావరకు అందులో కిందికి జారాయి. కాలేజీ గొప్పదనం దేన్ని కొలుస్తున్నామన్న దాన్ని బట్టే ఉంటుంది.

కాలిఫోర్నియాలోని డేవిస్ కాలేజీ మరో మార్గం పట్టింది. కుటుంబ ఆదాయం, తల్లిదండ్రుల చదువు, పెరిగిన చోట వైద్య సదుపాయాలు లాంటివి కలిపి, విద్యార్థి ఎన్ని ఇబ్బందుల్ని దాటుకొని వచ్చాడో ఒక స్కోరు వేస్తుంది. ఆ స్కోరును మార్కుల పక్కన పెట్టి చదువుతుంది.

ప్రశ్న: మనం ఆసియావాళ్లం కాబట్టి నష్టపోతామంటారు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఏమైనా మారిందా? తెలుగువాడినన్న సంగతి రాయాలా, మానాలా?
– బోడుప్పల్

సమాధానం: 2023 జూన్‌లో వచ్చిన ఆ తీర్పు తర్వాత జాతిని ఎంపికలో ఒక అంశంగా లెక్కించడం కుదరదు. కానీ తన నేపథ్యం తన జీవితం మీద ఎలా పనిచేసిందో అభ్యర్థి రాసుకోవచ్చని ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి రాయండి, పనికి ముడిపెట్టి. 'మాది సంప్రదాయ తెలుగు కుటుంబం, కష్టపడటం నేర్పారు' అంటే అందరూ రాసేదే. క్లినిక్‌లో ఇంగ్లీషు రాని తెలుగు బామ్మగారు 'కళ్లు తిరుగుతున్నాయి' అంటే, అది తల తిరగడమా, నీరసమా, భయమా అని విడదీసి డాక్టరుకు చేరవేయడంలో ఇబ్బంది ఎక్కడుందో చూశారనుకోండి, అది రాయాల్సిన సంగతి. ఒక జాగ్రత్త: శిక్షణ పొందిన దుబాసీగా పనిచేయకపోతే 'మెడికల్ ఇంటర్‌ప్రెటర్' అని హోదా తగిలించుకోవద్దు.

ప్రశ్న: మన దేశంలో కాలేజీలు ఇలా చూడవా?
– ఇంటర్ బైపీసీ విద్యార్థి, హయత్‌నగర్

సమాధానం: నీట్ వచ్చాక దాదాపు లేదు బాబూ. తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో నీ ర్యాంకు, కేటగిరీ, స్థానికత తప్ప నీ మనసులో ఏముందో అడిగేవాళ్లుండరు. ఒకప్పుడు వార్ధా దగ్గర సేవాగ్రామ్ మెడికల్ కాలేజీ సొంత ప్రవేశపరీక్ష పెట్టేది. అందులో గాంధీ ఆలోచనల మీద ఒక పేపరు ఉండేది. కాలేజీ లక్ష్యాన్ని పరీక్షలోనే ఇమిడ్చిన ఉదాహరణ అది, ఇప్పుడు లేదు. ఈరోజుకీ మిగిలింది పుణెలోని సైనిక వైద్య కళాశాల. నీట్ స్కోరుతో వడపోసి, ఆపైన ఇంగ్లీషు, తర్కం మీద పరీక్ష, మానసిక అంచనా, ఇంటర్వ్యూ పెడతారు. సైన్యంలో పనిచేయాల్సిన వాళ్లు కాబట్టి. అటు వెళ్లాలనుంటే ఆ షరతులు ఇంట్లో అందరూ కూర్చొని ముందే చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇక్కడే ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీలో ఉన్నాడు. అమెరికా డాక్టరు లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ రాసి ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీ శిక్షణకు, వెళ్లాలని. ఈ ఫిట్ గొడవ మాకూ ఉంటుందా?
– కూకట్‌పల్లి

సమాధానం: ఉంటుంది, ఇంకాస్త సూటిగా. రెసిడెన్సీ ఫారం ఈరాస్‌లో పది అనుభవాలే పెట్టగలరు, మూడింటిని ముఖ్యమైనవిగా ఎంచాలి. ఏ ప్రాంతాలంటే ఇష్టమో చెప్పే భాగం ఉంది. 'మీ ప్రోగ్రాం అంటే నాకు ప్రత్యేకంగా ఆసక్తి' అని చెప్పే సిగ్నళ్లు ఉన్నాయి. ఇంటర్నల్ మెడిసిన్‌లో 2024 నుంచి అవి 15: మూడు బంగారు, పన్నెండు వెండి. మనవాళ్లు వందకు పైగా ప్రోగ్రాంలకు పెట్టి, సిగ్నళ్లన్నీ పేరున్న యూనివర్సిటీ ఆసుపత్రులకు పంచేస్తారు. విదేశీ గ్రాడ్యుయేట్లను అసలు తీసుకోనిచోట బంగారు సిగ్నల్ వేస్తే అది నీళ్లలో పోసినట్టే. ప్రోగ్రాం వెబ్‌సైట్‌లో ప్రస్తుత రెసిడెంట్ల పేజీ తెరిచి, వాళ్లు ఏ కాలేజీల నుంచి వచ్చారో చూడండి. వీసా ఇస్తారా, జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) ఒక్కటేనా, హెచ్-1బీ (ఉద్యోగ వీసా) కూడానా చూడండి. ఆ రెండు సంగతులూ తేలాకే సిగ్నల్.

పేదలకు వైద్యం చేసే కమ్యూనిటీ ఆసుపత్రులకు మన ప్రభుత్వాసుపత్రి అనుభవం నిజంగా పనికొస్తుంది. గాంధీలోనో ఉస్మానియాలోనో ఓపీ రద్దీ గురించి కాకుండా, ఆ రద్దీలో మీ అబ్బాయి ఏం చేశాడో రాయాలి. ఇంకొకటి, జే-1 మీద వెళ్లినవాళ్లు చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే నిబంధన ఉంది. కాన్రాడ్ 30 పథకం కింద డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే దాన్నుంచి మినహాయింపు దొరుకుతుంది, ఏటా రాష్ట్రానికి 30 మంది చొప్పున. అలా పనిచేసే ఉద్దేశం నిజంగా ఉంటే ఇంటర్వ్యూలో చెప్పొచ్చు. అయితే వీసా మాట ముందు, రోగుల మాట తర్వాత వస్తే వినేవాళ్లకు వేరేలా అర్థమవుతుంది.

ప్రశ్న: ఎంఎంఐ ఇంటర్వ్యూలో మిషన్ గురించి ఎక్కడా అడగరట కదా?
– మియాపూర్

సమాధానం: నేరుగా అడగకపోవచ్చు. కెనడాలోని మెక్‌మాస్టర్‌లో పుట్టిన పద్ధతి ఇది: వరసగా చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో ఒక్కో సన్నివేశం, తలుపు బయట చదువుకోవడానికి రెండు నిమిషాలు, లోపల ఆరేడు నిమిషాలు. కాలేజీ తనకు కావాల్సిన గుణాన్ని బట్టే సన్నివేశాలు ఎంచుకుంటుంది. బస్సు చార్జీల్లేక అపాయింట్‌మెంట్లు తప్పుతున్న రోగి సన్నివేశం వచ్చిందంటే, అది మిషన్ ప్రశ్నే. మన పిల్లలు చేసే పొరపాటు, వెంటనే తీర్పు చెప్పేయడం. రెండు ప్రశ్నలు అడిగి, ఇద్దరి వైపు నుంచీ ఆలోచించి, అప్పుడు చెప్పాలి.

ప్రశ్న: ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ అయింది, వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు. 'మీ కాలేజీయే నా మొదటి ఎంపిక' అని ఉత్తరం రాయొచ్చా?
– విద్యార్థి, సికింద్రాబాద్ (ప్రస్తుతం ఒహాయో)

సమాధానం: ముందు ఆ కాలేజీ అలాంటి ఉత్తరాలు తీసుకుంటుందో లేదో పోర్టల్‌లో చూడండి. వద్దన్నచోట పంపితే మిషన్ సంగతి పక్కనపెట్టి, సూచనలు చదవరనే పేరొస్తుంది. తీసుకుంటే ఒక పేజీ మించకూడదు. ఇంటర్వ్యూ తర్వాత కొత్తగా ఏం జరిగిందో మొదటి పేరాలో: పూర్తయిన కోర్సు, కొనసాగుతున్న క్లినిక్ పని, ఎన్ని గంటలు. రెండో పేరాలో ఇంటర్వ్యూ రోజున అక్కడ విన్న ఒక నిర్దిష్టమైన విషయం, అది మీకెందుకు నచ్చిందో. పాత వ్యాసాన్ని మళ్లీ పంపొద్దు. ఏప్రిల్ 30 నాటికి ఒకటికి మించి సీట్లు చేతిలో ఉన్నవాళ్లు ఒకటి ఉంచుకొని మిగతావి వదులుకోవాల్సి ఉంటుంది, అసలు కదలిక ఆ తర్వాతే మొదలవుతుంది. అంటే ఉత్తరం ఏప్రిల్ రెండో సగంలో చేరేలా చూసుకోండి. 'సీటిస్తే తప్పక చేరతాను' అన్న మాట మాత్రం ఒక్క కాలేజీకే రాయండి.